మొదటి గిటార్ పెడల్‌కి ఎల్‌సీఆర్-టీ4 టెస్టర్: ఏం పట్టిస్తుంది, ఏం వదిలేస్తుంది

మొదటిసారి గిటార్ పెడల్ (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టె) చేసేవాళ్లు సోల్డరింగ్ ఎలా వస్తుందోనని కంగారుపడతారు. తీరా పెడల్ పలకనప్పుడు వెతికితే, చాలాసార్లు తప్పు అంతకుముందే, పార్ట్స్ బల్ల మీద పరుచుకున్నప్పుడే జరిగిపోయి ఉంటుంది. 390 ఓమ్‌ల చోట 390 కిలో ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ చోట 0.01, తిప్పి పెట్టిన ట్రాన్సిస్టర్. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా విడి సరుకు చిన్న ప్లాస్టిక్ కవర్లలో వస్తుంది, కవర్ మీద పేరు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఈ దశలో పనికొచ్చే పరికరంగా అందరూ కొనమని చెప్పేది ఎల్‌సీఆర్-టీ4 అనే కాంపొనెంట్ టెస్టర్. అది ఎంతవరకు నమ్మొచ్చో ఒక అసలైన పెడల్ పార్ట్స్ మీద పెట్టి చూద్దాం.

ముందు పరికరం సంగతి. అరచేతిలో పట్టే పచ్చ బోర్డు, దాని మీద చిన్న తెర, ఒక బటన్, పక్కన చిన్న లివర్ ఉన్న 14 రంధ్రాల సాకెట్, 9 వోల్టుల బ్యాటరీ క్లిప్. అంతే. దీని వెనక జర్మనీకి చెందిన మార్కుస్ ఫ్రెయెక్ మొదలుపెట్టిన, తర్వాత కార్ల్-హైన్జ్ క్యూబెలర్ బాగా పెంచిన ఓపెన్ డిజైన్ ఉంది. లోపల ఏట్‌మెగా328 చిప్ ఉంటుంది. సాకెట్‌లోని మూడు పాయింట్లలో ఒక్కోదానికి 680 ఓమ్‌లు, 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు తగిలించి, 5 వోల్టులను ఒక పాయింటు నుంచి ఇంకోదానికి అన్ని రకాలుగా మార్చి పంపి చూస్తుంది. ఆ ప్రవాహం తీరును బట్టి ఇది రెసిస్టరా, డయోడా, ట్రాన్సిస్టరా అని తేలుస్తుంది. ఈ 5 వోల్టులు గుర్తుంచుకోండి. టెస్టర్ కొన్నిచోట్ల ఎందుకు పొరబడుతుందో అర్థం కావడానికి ఈ అంకె పనికొస్తుంది.

పరీక్షకు తీసుకున్న పెడల్ ఎలక్ట్రో-హార్మోనిక్స్ ఎల్‌పీబీ-1. 1960ల చివర్లో వచ్చిన ఒంటి ట్రాన్సిస్టర్ బూస్టర్ ఇది, అంటే గిటార్ సిగ్నల్‌ని పెంచే పెడల్. మొదటి పెడల్‌కి ఇంతకన్నా మంచి సర్క్యూట్ నాకు కనబడదు, ఎందుకంటే పార్ట్స్ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెసిస్టర్లు నాలుగు: 430 కిలో, 43 కిలో, 10 కిలో, 390 ఓమ్‌లు. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు, 100 కిలో పాట్ (నాబ్ తిప్పితే విలువ మారే రెసిస్టర్) ఒకటి, 2ఎన్5088 లాంటి ఎక్కువ గెయిన్ (కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందన్న లెక్క) ఉన్న ఎన్‌పీఎన్ రకం ట్రాన్సిస్టర్ ఒకటి. సొంతంగా చేసుకునేటప్పుడు స్విచ్ టప్‌మనకుండా ఇన్‌పుట్ దగ్గర 1 మెగా ఓమ్, సప్లై దగ్గర 100 మైక్రోఫారడ్ కెపాసిటర్, రివర్స్ కరెంట్ ఆపడానికి ఒక డయోడ్ కలుపుకుంటారు. 430 కిలో, 43 కిలో దొరక్కపోతే 470 కిలో, 47 కిలో వాడండి. నిష్పత్తి పదికి ఒకటే కాబట్టి బయాస్ (ట్రాన్సిస్టర్ పనిచేసే వోల్టేజి అమరిక) దాదాపు మారదు.

రెసిస్టర్లతో మొదలుపెడదాం. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా నీలం రంగు మెటల్ ఫిల్మ్‌వి, ఐదు గీతలతో వస్తాయి. ఆ నీలం మీద గోధుమ, ఎరుపు, నారింజ గీతలు ట్యూబ్‌లైటు కింద ఒకేలా కనిపిస్తాయి. పైగా ఒక శాతం టాలరెన్స్ (విలువలో ఉండగల తేడా) గీత కూడా గోధుమ రంగే కావడంతో ఏ చివర నుంచి చదవాలో తెలియదు. 1 కిలో ఓమ్ అంటే గోధుమ, నలుపు, నలుపు, గోధుమ, గోధుమ. అదే వెనక నుంచి చదివితే 110 ఓమ్‌లు. 10 కిలో వెనక నుంచి 120 ఓమ్‌లు, 100 కిలో అయితే 130 ఓమ్‌లు అవుతుంది. ఈ 110, 120, 130 నిజంగానే దొరికే విలువలు కావడంతో అనుమానం కూడా రాదు. మన పెడల్‌లో గండం 390 ఓమ్‌ల దగ్గర. నారింజ, తెలుపు, నలుపు, నలుపు, గోధుమ అయితే 390 ఓమ్‌లు. నాలుగో గీత నలుపు బదులు నారింజ అయితే 390 కిలో. దాన్ని ఎమిటర్ (ట్రాన్సిస్టర్ మూడు కాళ్లలో ఒకటి) దగ్గర పెడితే ట్రాన్సిస్టర్ గుండా కరెంటే పోదు, పెడల్ మూగబోతుంది.

టెస్టర్ ఇక్కడ తప్పు చేయదు. రెండు కాళ్లు పెట్టి బటన్ నొక్కితే రెండు మూడు సెకన్లలో విలువ చూపిస్తుంది. 10 కిలోకి 9.95 అనో 10.03 అనో వస్తే దిగులుపడొద్దు, రెండూ సరైనవే. అయితే ఇదే పని మామూలు మల్టీమీటర్ కూడా ఇంతే బాగా చేస్తుంది. రెసిస్టర్ల కోసమే అయితే ఈ టెస్టర్ కొనాల్సిన పని లేదు.

కెపాసిటర్ల దగ్గర దీని విలువ తెలుస్తుంది, ఎందుకంటే చవక మల్టీమీటర్లలో చాలావాటికి కెపాసిటెన్స్ కొలిచే సౌకర్యం ఉండదు. పైనున్న కోడ్ చదవడం ఎలాగూ నేర్చుకోవాలి: మొదటి రెండు అంకెలు విలువ, మూడోది పక్కన పెట్టాల్సిన సున్నాలు, లెక్క పికోఫారడ్‌లలో. 104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు, లక్ష పికోఫారడ్‌లు, అంటే 100 నానో, అంటే 0.1 మైక్రో. 103 అంటే 10 నానో. 473 అంటే 47 నానో. 101 చూసి 101 పికో అనుకుంటారు, అది 100 పికో. 100 అని ఉంటే 10 పికో. ఫిల్మ్ కెపాసిటర్ మీద 2ఏ104జే అని ఉంటే 2ఏ అంటే 100 వోల్టులు, జే అంటే ఐదు శాతం తేడా. కే అయితే పది శాతం. జెడ్ అయితే మాత్రం ఇరవై శాతం తక్కువ నుంచి ఎనభై శాతం ఎక్కువ దాకా ఉండొచ్చు. అందుకే 104జెడ్ అని ఉన్న సెరామిక్ బిళ్లను పెట్టినప్పుడు టెస్టర్ 130 నానో అని చూపిస్తే తప్పు టెస్టర్‌ది కాదు.

104 బదులు 103 పడితే ఏమవుతుందో లెక్కేసి చూడండి. ఎల్‌పీబీ-1 ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (గిటార్ సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) సుమారు 32 కిలో ఓమ్‌లు. 0.1 మైక్రోతో 50 హెర్ట్జ్ దాకా కింది స్వరాలు దక్కుతాయి. గిటార్ లావు తీగ ఓపెన్‌గా మోగేది 82 హెర్ట్జ్ దగ్గర కాబట్టి అంతా దక్కుతుంది. 0.01 పెడితే కోత 500 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది. పెడల్ పనిచేస్తుంది గానీ గొంతు నొక్కినట్టు, రేకు డబ్బాలో మోగినట్టు వస్తుంది. ఇలాంటి తప్పును బోర్డు మీద పెట్టాక కనిపెట్టడం చాలా కష్టం, ఎందుకంటే వోల్టేజీలన్నీ సరిగ్గానే ఉంటాయి. టెస్టర్ మీద ముందే 98 నానో అని చూసి పెడితే ఆ గొడవే ఉండదు.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి టెస్టర్ విలువతో పాటు ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) కూడా చూపిస్తుంది. కొత్త 100 మైక్రో కెపాసిటర్‌కి అది ఒక ఓమ్ కంటే తక్కువే ఉండాలి. పాత రేడియో నుంచి పీకిందానికి కెపాసిటెన్స్ సగానికి పడిపోయి, ఈఎస్ఆర్ అనేక ఓమ్‌లు చూపిస్తే పారేయండి. కానీ ఏ కాలు ప్లస్, ఏది మైనస్ అన్నది టెస్టర్ చెప్పదు. అది కంటితోనే చూడాలి: ఎలక్ట్రోలిటిక్ మీద పట్టీ ఉన్న వైపు మైనస్, పొడుగు కాలు ప్లస్. టాంటలమ్ బొట్టు కెపాసిటర్ మీద గీత ఉంటే అది ప్లస్. ఈ రెండో సంగతి తెలియక తిప్పి పెట్టినవి పొగ వస్తూ కాలిపోతాయి. అలాగే ఫిల్మ్‌కీ సెరామిక్‌కీ తేడా టెస్టర్‌కి తెలియదు, రెండింటికీ 100 నానో అనే రాస్తుంది. ధ్వని దారిలో ఫిల్మే పెట్టండి. ఎక్కువ విలువల చవక సెరామిక్ బిళ్లలు పెడల్‌ని కాలితో తడితే ఆ చప్పుడును కూడా మైకులా పట్టుకుంటాయి.

ఇక ట్రాన్సిస్టర్. టెస్టర్‌కి పెట్టిన డబ్బంతా ఇక్కడే తిరిగి వస్తుంది.

టీవో-92 అనే ఆ నల్లటి అర్ధచంద్రాకారపు గుండీ ఎన్ని రకాలుగా మోసం చేస్తుందో చెప్పలేం. దాని మీద అక్షరాలు సగం చెరిగి ఉంటాయి. ఫోన్ టార్చ్‌ని పక్క నుంచి వాలుగా కొట్టి కెమెరాలో పెద్దది చేసి చూస్తే కొంత కనిపిస్తుంది. పేరు చదవగలిగినా కాళ్ల వరుస ఇంకో చిక్కు. చదును ముఖం మన వైపు ఉంచి కాళ్లు కిందికి పెట్టి ఎడమ నుంచి చూస్తే 2ఎన్5088, 2ఎన్3904లకు వరుస ఎమిటర్, బేస్, కలెక్టర్. మన దగ్గర ఏ షాపులోనైనా దొరికే బీసీ547, బీసీ549లకు అది కలెక్టర్, బేస్, ఎమిటర్. అంటే అద్దంలో బొమ్మ. అమెరికన్ పార్టుకు గీసిన బోర్డులో బీసీ549సీ పెట్టాలంటే అచ్చులో చూపిన దానికి వెనక్కి తిప్పి పెట్టాలి. 2222 కుటుంబం ఇంకా తిరకాసు: పీఎన్2222ఏ ఒక వరుస, పీ2ఎన్2222ఏ దానికి సరిగ్గా తలకిందులు. ఒక్క అంకె తేడా.

టెస్టర్‌లో మూడు కాళ్లూ ఏ వరుసలో పెట్టినా పర్వాలేదు. ఎన్‌పీఎన్ అని బొమ్మ గీసి, ఏ నంబరు దగ్గర కలెక్టర్, ఏ నంబరు దగ్గర బేస్, ఏది ఎమిటర్ అని రాసి, కింద హెచ్‌ఎఫ్‌ఈ అంటే గెయిన్, బేస్-ఎమిటర్ వోల్టేజి కూడా ఇస్తుంది. మల్టీమీటర్‌లోని హెచ్‌ఎఫ్‌ఈ సాకెట్‌కి అయితే ఏ కాలు ఏదో ముందే తెలిసి ఉండాలి. మనకు తెలియనిది అదే కదా. చేయాల్సిందల్లా చదును ముఖం మీ వైపు ఉంచి, కాళ్లు 1, 2, 3 రంధ్రాల్లో అదే వరుసలో పెట్టి, తెర మీద వచ్చిన వరుసను కాగితం మీద రాసుకుని, ఆ కాగితం పక్కన పెట్టుకుని బోర్డులో దించడం.

గెయిన్ అంకె కూడా ఊరికే చూసి వదిలేసేది కాదు. ఎల్‌పీబీ-1లో బేస్‌కి 430 కిలో, 43 కిలో జంట సుమారు 0.82 వోల్టులు ఇస్తుంది. ఆ జంట వెనకున్న నిరోధం 39 కిలో. ట్రాన్సిస్టర్ గెయిన్ 400 ఉంటే బేస్ కొద్దిపాటి కరెంటే తాగుతుంది, కలెక్టర్ దగ్గర 4.5 వోల్టుల చుట్టూ నిలుస్తుంది, అంటే 9 వోల్టులకు దాదాపు నడిమధ్య. గెయిన్ 100 ఉన్నది పెడితే అదే కలెక్టర్ 6 వోల్టుల పైకి జారుతుంది. తరంగం పై సగం ముందే తెగుతుంది, బూస్ట్ కూడా తగ్గుతుంది. బీసీ547లో 'ఏ' రకానికి 110 నుంచి 220, 'బీ' రకానికి 200 నుంచి 450, 'సీ' రకానికి 420 నుంచి 800 గెయిన్ ఉంటుంది. అంటే బీసీ547 అని మాత్రమే ముద్ర ఉన్న దాంట్లో ఏది వచ్చిందో కొలిస్తేనే తెలుస్తుంది. 2ఎన్5088 అని అమ్మిన దానికి టెస్టర్ 150 చూపిస్తే అది 2ఎన్5088 కాదని అనుమానించడం సబబు. ఆ పార్టుకు కనీసం 300 ఉండాలి. టెస్టర్ కొలిచే కరెంటు వేరు, డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) కరెంటు వేరు కాబట్టి అంకె అచ్చంగా సరిపోదు. కానీ సగానికి సగం తేడా వస్తే లెక్క వేరే.

గేట్, డ్రెయిన్, సోర్స్ అనే కాళ్లున్న ఇంకో రకం ట్రాన్సిస్టర్లు జేఫెట్‌లు, వాటి దగ్గర ఒక మాట. గేట్ ఏదో టెస్టర్ సరిగ్గానే చెబుతుంది. డ్రెయిన్, సోర్స్ లోపల దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి ఆ రెండూ తారుమారుగా చూపించొచ్చు. అక్కడ డేటాషీట్‌నే నమ్మండి. అలాగే టీవో-92 గుండీ అంతా ట్రాన్సిస్టరే అనుకోవద్దు. 78ఎల్05 రెగ్యులేటర్ (వోల్టేజిని 5 దగ్గర నిలిపే పార్టు) కూడా అచ్చం అలాగే ఉంటుంది. దాన్ని పెడితే టెస్టర్ రెసిస్టర్ల జంట అనో, డయోడ్లు అనో అర్థం లేనిది ఏదో రాస్తుంది.

డయోడ్‌లలో టెస్టర్ తెలివి, లోపం రెండూ బయటపడతాయి. సప్లై దగ్గర పెట్టే నల్లటి 1ఎన్4007, అదే ఆకారంలో ఉండే 1ఎన్5817 ఒకే కవర్‌లో కలిసిపోతే కంటితో విడదీయడం కష్టం. టెస్టర్ మొదటిదానికి 0.6 నుంచి 0.7 వోల్టులు, రెండోదానికి 0.3 కంటే తక్కువ చూపిస్తుంది. వెంటనే తేలిపోతుంది. వెండి గీత ఉన్న వైపు కాథోడ్, అంటే డయోడ్ మైనస్ కాలు. డిస్టార్షన్ పెడళ్లలో క్లిప్పింగ్‌కి (తరంగం కొసలు కత్తిరించి శబ్దాన్ని గరుకుగా చేయడానికి) వాడే గాజు డయోడ్‌ల సంగతి వేరు. ఎంఎక్స్ఆర్ డిస్టార్షన్ ప్లస్‌లో జర్మేనియం డయోడ్లు ఉంటాయి, 1ఎన్4148 సిలికాన్. సిలికాన్ 0.6 పైన, జర్మేనియం 0.3 చుట్టూ చూపిస్తాయి కాబట్టి ఇవి విడిపోతాయి. కానీ జర్మేనియం 1ఎన్34ఏ అని చెప్పి షాట్కీ డయోడ్ (1ఎన్5817 లాంటి తక్కువ వోల్టేజి రకం) అంటగడితే టెస్టర్‌కి దొరకదు, దానికీ 0.3 దగ్గర్లోనే వస్తుంది. నిజమైన జర్మేనియం గాజు లోపల, ఎదురు కాంతిలో చూస్తే, సన్నటి మెలిక తీగ ఒకటి కొనతో చిన్న ముక్కను తాకుతూ కనిపిస్తుంది.

జీనర్‌ల (ఒక నిర్ణీత వోల్టేజి దగ్గర వెనక్కి కూడా కరెంటు పోనిచ్చే డయోడ్‌ల) విషయంలో ఎల్‌సీఆర్-టీ4 చేతులెత్తేస్తుంది. 5 వోల్టులకు మించి పంపలేదు కాబట్టి 9.1 వోల్టుల జీనర్ దానికి మామూలు డయోడ్‌లా, 0.7 వోల్టులతో కనిపిస్తుంది. 1ఎన్4148 అనుకుని దాన్ని క్లిప్పింగ్‌లో పెట్టేస్తారు. ఇక్కడ ఒక చిన్న ఆనవాలు ఉంది: డయోడ్ కింద చూపించే కెపాసిటెన్స్ అంకె. 1ఎన్4148కి అది ఒకటి రెండు పికోఫారడ్‌లు మాత్రమే. జీనర్‌కి పదుల్లో, వందల్లో వస్తుంది. ఆ అంకె పెద్దదిగా ఉంటే ఆగి ఆలోచించండి.

పాట్‌ని మూడు చిన్న తీగ ముక్కలతో కలిపితే రెండు రెసిస్టర్లుగా చూపిస్తుంది. మొత్తం 100 కిలోకి దగ్గరగా ఉండాలి. నాబ్‌ని సరిగ్గా సగానికి తిప్పి చూడండి: రెండు వైపులా 50, 50 ఉంటే లీనియర్, బీ100కే. ఒకవైపు 10, 15 చుట్టూ ఉండి మిగతాది ఇంకోవైపు ఉంటే లాగ్, ఏ100కే. వాల్యూమ్‌కి లాగ్ కావాలి, లీనియర్ పెడితే నాబ్ మొదటి పావు తిప్పులోనే శబ్దం అంతా వచ్చేస్తుంది.

పెడల్‌ని కాలితో ఆన్, ఆఫ్ చేసే తొమ్మిది కాళ్ల 3పీడీటీ స్విచ్‌కి, ఐసీలకు ఈ టెస్టర్ పనికిరాదు. స్విచ్‌కి మల్టీమీటర్ బీప్ చాలు. కాళ్ల చదును అడ్డంగా ఉండేలా పట్టుకుంటే నిలువు వరుసలు మూడూ మూడు వేర్వేరు స్విచ్‌లు, ఒక్కో వరుసలో మధ్య కాలు ఉమ్మడి. తొంభై డిగ్రీలు తిప్పి సోల్డర్ చేస్తే బైపాస్ (పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు గిటార్ శబ్దం నేరుగా వెళ్లే దారి) అసలు పనిచేయదు. టీఎల్072 లాంటి ఐసీకి గాటు పైకి ఉంచితే ఎడమ పైన ఉన్నది 1వ కాలు, అక్కడి నుంచి గడియారానికి ఎదురు దిశలో లెక్కపెట్టాలి.

జర్మేనియం ట్రాన్సిస్టర్లతో ఫజ్ (శబ్దాన్ని బాగా గరుకుగా చేసే పెడల్) చేయాలన్న ఆశ ఉంటే మొదటి పెడల్‌కి వద్దనే చెబుతాను. వాటిలో లీకేజీ కరెంటు గెయిన్‌లా నటిస్తుంది. చవక టెస్టర్ అంకెను నమ్మి కొంటే మోసపోతారు. వాటికి పాత పద్ధతే మేలు: 9 వోల్టులు, కలెక్టర్‌కి 2.2 కిలో, 270 ఓమ్‌లు వరుసగా కలిపి, బేస్ వదిలేసి ఆ రెసిస్టర్ల మీద వోల్టేజి చూడాలి. 0.25 వస్తే లీకేజీ 100 మైక్రోఆంపియర్లు. తర్వాత బేస్‌కి 2.2 మెగా కలిపి మళ్లీ చూసి, ముందటి అంకె తీసేసి వందతో గుణిస్తే అసలు గెయిన్.

టెస్టర్‌ని కాపాడుకోవడానికి పాటించాల్సింది ఒకటుంది. చార్జ్ ఉన్న కెపాసిటర్ పెడితే చిప్ ఆ క్షణంలోనే పోవచ్చు. ఏ ఎలక్ట్రోలిటిక్‌నైనా ముందు 1 కిలో రెసిస్టర్‌తో రెండు కాళ్లూ కలిపి కొన్ని సెకన్లు ఖాళీ చేసి పెట్టండి. ట్యూబ్ యాంప్లిఫైయర్, పవర్ సప్లై కెపాసిటర్ల జోలికి దీనితో అసలు పోవద్దు. బోర్డు మీద సోల్డర్ అయి ఉన్న పార్టుని కూడా కొలవలేరు, పక్కనున్నవన్నీ లెక్కలో కలిసిపోతాయి. అందుకే పని వరుస మార్చుకోండి: ముందు అన్నీ కొలిచి, థర్మోకోల్ ముక్కకు గుచ్చి, పక్కన విలువ రాసి, అప్పుడు సోల్డరింగ్ ఐరన్ వేడి చేయండి. ఇంకొకటి, సాకెట్‌లో ఒకే నంబరు చాలా రంధ్రాలకు ఉంటుంది. రెండు కాళ్లూ ఒకే నంబరులో పడితే పార్ట్ పాడైందని చూపిస్తుంది. మంచి పార్టుని పారేసే ముందు నంబర్లు చూసుకోండి. 25 పికోఫారడ్‌ల కంటే చిన్న కెపాసిటర్లకు కూడా అదే మాట వస్తుంది.

తొడుగు లేకపోవడం దీని పెద్ద లోటు. అడుగున సోల్డర్ మొనలు బయటే ఉంటాయి, బల్ల మీద కత్తిరించిన కాళ్ల ముక్కలు పడి ఉంటే షార్ట్ అవుతాయి. నాలుగు మూలలా ప్లాస్టిక్ స్పేసర్లు బిగించండి. చవక జింక్ బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఆల్కలైన్ పెట్టండి. దీని అన్న లాంటిది టీసీ1: రంగుల తెర, ప్లాస్టిక్ డబ్బా, చార్జ్ చేసుకునే బ్యాటరీ, పైగా కే, ఏ అని గుర్తున్న రంధ్రాల్లో 30 వోల్టుల దాకా జీనర్‌ని కొలిచే ఏర్పాటు ఉంది. ఒకటి రెండు బూస్టర్లతో ఆపేసేవాళ్లకు టీ4 చాలు. డిస్టార్షన్, ఓవర్‌డ్రైవ్ దాకా వెళ్లాలనుకుంటే, గాజు డయోడ్‌ల కోసమైనా టీసీ1కి ఆ కాస్త ఎక్కువ పెట్టండి. ఏది కొన్నా పార్సిల్ విప్పిన రోజే 10 కిలో రెసిస్టర్, 104జే ఫిల్మ్ కెపాసిటర్, ఒక బీసీ547 పెట్టి మూడూ సరిగ్గా చూపిస్తోందో లేదో చూసుకోండి. తిరిగి పంపే గడువు దాటాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.